కెనడా కోడలి చేతిలో ఏ కాగితం?

మిర్యాలగూడలో గానీ జడ్చర్లలో గానీ ఒక ఇంటికి కెనడా సంబంధం వచ్చిందంటే ఆరా అంతా పిలగాని చుట్టే తిరుగుతుంది. జీతమెంత, ఇల్లు సొంతమా కిరాయా, పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చిందా, సిటిజన్‌షిప్ కూడా అయిపోయిందా, ఊళ్లో ఎన్నెకరాలున్నాయి? పెళ్లిళ్ల పేరయ్య దగ్గర వీటన్నిటికీ జవాబు సిద్ధంగా ఉంటుంది. అమ్మాయి టొరంటోలో విమానం దిగే రోజు ఆమె పాస్‌పోర్టులో ఏ వీసా ఉంటుంది, దాని మీద ఉద్యోగం చేయొచ్చా, కడుపునొప్పి వస్తే ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు అన్న సంగతి మాత్రం లగ్గం పెట్టుకున్నాక కూడా ఎవరికీ పట్టదు. అల్లుడు కెనడా పౌరుడు కాబట్టి తాళి పడగానే బిడ్డకూ అక్కడి సదుపాయాలన్నీ వచ్చేస్తాయన్నది మనవాళ్ల ధీమా. ఆ ధీమాకు చట్టంలో ఆధారం లేదు. పెళ్లిని చూసి కెనడా ఇచ్చేది దరఖాస్తు పెట్టుకునే హక్కు ఒక్కటే. దరఖాస్తు పెట్టిన రోజుకూ పీఆర్ చేతికొచ్చే రోజుకూ మధ్య కాలంలో ఆమె ఉద్యోగం ఒక ప్రభుత్వం చేతిలో, ఆమె వైద్యం ఇంకో ప్రభుత్వం చేతిలో ఉంటాయి. చట్టబద్ధంగా కాపురానికి వెళ్లిన మనిషికి ఈ రెండూ ఆమె సొంత పేరు మీద, మొదటి రోజు నుంచే ఉండాలన్నది నా వాదన. పని విషయంలో కెనడా చాలావరకు ఆ దారికి వచ్చింది. వైద్యం విషయంలో ఇంకా రాలేదు. ఈ తేడా తెలుసుకుని దారి ఎంచుకోవాల్సింది మాత్రం ఇక్కడి తల్లిదండ్రులే.

ముందు నియమాలు చూద్దాం. 2002 జూన్ నుంచి అమల్లో ఉన్న వలస, శరణార్థుల రక్షణ చట్టం ప్రకారం కెనడా పౌరుడైనా పర్మనెంట్ రెసిడెంటైనా తన భార్యను లేదా భర్తను స్పాన్సర్ చేయొచ్చు. జీవిత భాగస్వామి విషయంలో సాధారణంగా ఇంత ఆదాయం ఉండాలన్న లెక్క లేదు. అయితే వైకల్యం వల్ల కాకుండా మరో కారణంతో ప్రభుత్వ భృతి మీద బతుకుతున్నవాడు స్పాన్సర్ కాలేడు. భార్యకు పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లు ఆమె పోషణ బాధ్యత తనదేనని రాసి సంతకం పెట్టాలి. దరఖాస్తుకు రెండు దారులున్నాయి. ఒకటి ఫ్యామిలీ క్లాస్: అమ్మాయి ఇక్కడ ఉండగానే పెట్టేది. రెండోది ఆమె అక్కడికి చేరి భర్తతో ఒకే ఇంట్లో ఉంటూ పెట్టేది, దాన్నే మనవాళ్లు ఇన్‌ల్యాండ్ అంటారు. భార్యాభర్తల దరఖాస్తులను పన్నెండు నెలల్లో తేల్చడం లక్ష్యమని ఆ దేశ ప్రభుత్వం 2016 డిసెంబరులో ప్రకటించింది. లక్ష్యం లక్ష్యమే, గడువు కాదు. పైగా ఏడాదికి ఎంతమందిని తీసుకోవాలన్న లెక్క కూడా ఉంటుంది. భార్యాభర్తలు, పిల్లల కోటా కింద 2024కు 82 వేలు అనుకున్న కెనడా, 2025 ప్రణాళికలో దాన్ని 70 వేలకు తగ్గించింది. సంఖ్య తగ్గితే వరుస పొడవవుతుంది.

ఆ వరుసలో నిలబడ్డ కాలంలో అమ్మాయి పరిస్థితి ఏమిటి? విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు, పొడిగింపు అడగొచ్చు. కానీ విజిటర్‌కు ఉద్యోగం నిషిద్ధం. ఒకప్పుడు ఇన్‌ల్యాండ్ దరఖాస్తు పెట్టినవాళ్లు కూడా తొలి అనుమతి వచ్చేదాకా నెలల తరబడి ఇంట్లోనే కూర్చునేవాళ్లు. 2014 డిసెంబరు 22న ఇన్‌ల్యాండ్ వాళ్లకు ముందుగానే ఓపెన్ వర్క్ పర్మిట్ ఇచ్చే పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఏడాది ప్రయోగమన్నది మళ్లీ మళ్లీ పొడిగింపు పొందుతూ వచ్చింది. 2023 మే చివర్లో ఇంకో అడుగు పడింది. ఫ్యామిలీ క్లాస్ కింద ఇక్కడి నుంచి దరఖాస్తు పెట్టినా సరే, అమ్మాయి కెనడాలో భర్తతో ఒకే చిరునామాలో చట్టబద్ధంగా ఉంటూ, దరఖాస్తు అందిందన్న రసీదు చేతిలో ఉంటే వర్క్ పర్మిట్ అడగొచ్చని అప్పటి వలస మంత్రి షాన్ ఫ్రేజర్ ప్రకటించారు. అలాంటి భార్యాభర్తల విజిటర్ వీసాలను కూడా త్వరగా తేలుస్తామన్నారు. ఓపెన్ వర్క్ పర్మిట్ అంటే ఫలానా యజమాని దగ్గరే చేయాలన్న కట్టుబాటు లేని అనుమతి. ఆ పర్మిట్ చూపిస్తే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు ఇస్తారు. తాత్కాలికంగా ఉన్నవాళ్ల నంబరు తొమ్మిదితో మొదలవుతుంది, పర్మిట్ గడువుతోపాటే అదీ ముగుస్తుంది. తొమ్మిది అంకెలున్న ఆ నంబరు ఉంటేనే ఆమె పేరు మీద జీతం పడేది. ఇక్కడ నర్సింగ్ చదివిన పిల్లలకు ఒక చిక్కుంది. మెడికల్ పరీక్ష పూర్తికాకుండా తీసుకున్న పర్మిట్ మీద ఆస్పత్రుల్లో, చిన్నపిల్లల సంరక్షణలో పనిచేయరాదన్న షరతు రాసి ఉండొచ్చు. పరీక్ష ముందే చేయించుకుంటే ఆ తిప్పలుండవు.

వైద్యం దగ్గరికొస్తే కథ ఇంత తిన్నగా సాగదు. అందరికీ ప్రభుత్వ వైద్యం అన్న ఆలోచన అక్కడ సస్కాచెవాన్ రాష్ట్రంలో మొదలైంది. టామీ డగ్లస్ ప్రభుత్వం 1947లో ఆస్పత్రి బీమా తెచ్చింది, 1962లో డాక్టరు ఫీజులకూ ఆ రాష్ట్రంలో బీమా వచ్చింది. ఇప్పుడు దేశమంతటికీ పునాది 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్. అయితే కేంద్రం నియమాలు పెడుతుంది, కొంత సొమ్ము ఇస్తుంది. ఆరోగ్య కార్డు ఇచ్చేది రాష్ట్రాలే. కొత్తగా వచ్చిన నివాసిని మూడు నెలలకు మించి ఆపరాదని చట్టం చెబుతుంది, ఆ మూడు నెలల్లోపు ఎంత ఆపాలన్నది రాష్ట్రం ఇష్టం. ఆంటారియో తన మూడు నెలల నిరీక్షణను 2020 మార్చిలో ఎత్తేసింది. బ్రిటిష్ కొలంబియాలో వచ్చిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు ఆగాలి. ఇదంతా అర్హత ఉన్నవాళ్ల సంగతి. పీఆర్ ఇంకా రాని భార్యకు అసలు అర్హత ఎప్పుడు మొదలవుతుందన్నది రాష్ట్రానికో తీరు. మనవాళ్లు ఎక్కువగా చేరే బ్రాంప్టన్, మిసిసాగా ఉన్న ఆంటారియోనే తీసుకోండి. అక్కడ తాత్కాలిక పర్మిట్ మీద ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తున్న విదేశీయుడికి కార్డు వస్తే, అతని భార్యకూ అతని ద్వారా కార్డు వస్తుంది. కెనడా పౌరుణ్ని పెళ్లాడిన అమ్మాయికి మాత్రం భర్త ద్వారా రాదు. ఆమె పీఆర్‌కు అర్హురాలని వలసశాఖ నుంచి ధ్రువీకరణ అయినా రావాలి, లేకపోతే తానే వర్క్ పర్మిట్ మీద ఆరు నెలలకు తగ్గని ఫుల్‌టైమ్ ఉద్యోగంలో అయినా ఉండాలి. పరాయి దేశస్థుడి భార్యకు సులువుగా దొరికేది సొంత పౌరుడి భార్యకు దొరకదు. ఎవరో పగబట్టి రాసిన నియమం కాదిది. పౌరుడి భార్య అంటే ఎప్పుడో పీఆర్ అయ్యే ఉంటుందనుకుని, మధ్య కాలాన్ని పట్టించుకోకుండా రాసిన నియమం.

ఈ ఖాళీ కాన్పు దగ్గర బాధపెట్టినంతగా మరెక్కడా పెట్టదు. పెళ్లైన ఏడాదిలోపు కడుపు పండటం మన ఇళ్లల్లో వింత కాదు, సరిగ్గా దరఖాస్తు నలుగుతుండే కాలం అదే. ఆంటారియో ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ ఆ క్షణం నుంచే కెనడా పౌరుడు, తండ్రి ద్వారా వైద్యం కూడా ఉంటుంది. పక్క మంచం మీద ఉన్న తల్లికి కార్డు లేకపోతే ఆస్పత్రి గదికి, డాక్టరుకు, మత్తు ఇచ్చినవాళ్లకు వేరువేరుగా బిల్లు పడుతుంది. సాధారణ కాన్పుకే వేల డాలర్లవుతాయి, ఆపరేషన్ అయితే చెప్పక్కర్లేదు. ప్రైవేటు విజిటర్ ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. అత్యవసరాలకు అది పనికొస్తుంది గానీ మామూలు గర్భాన్నీ కాన్పునూ చాలా పాలసీలు ముందే మినహాయిస్తాయి. కరోనా కాలంలో ఆంటారియో ప్రభుత్వం కార్డు లేనివాళ్ల ఆస్పత్రి ఖర్చు కూడా తానే భరించింది. 2023 మార్చి 31తో ఆ ఏర్పాటు ఆగిపోయింది. మూడేళ్లు నడిచిన పద్ధతి కాబట్టి అది చేయలేనిదని ఆ ప్రభుత్వం అనలేదు, ఇష్టం లేదని మాత్రమే అనగలదు.

ఆరోగ్య కార్డు కుటుంబం పేరు మీద ఉంటే కోడలికి ఏమవుతుందో పాలమూరుకు (మహబూబ్‌నగర్‌కు) తెలియంది కాదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది మూడు జిల్లాల్లో, వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి. తెల్ల రేషన్ కార్డే దానికి తాళంచెవి. పెళ్లైన పిల్ల పేరు పుట్టింటి కార్డులో తీసేయాలి, అత్తింటి కార్డులో ఎక్కించాలి. తెలంగాణలో కొత్త కార్డులు, పేర్ల చేర్పులు ఏళ్ల తరబడి నానాయి. 2025 జూలై 14న పాత నల్గొండ జిల్లాలోని తిరుమలగిరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొత్త కార్డుల పంపిణీ మొదలుపెట్టేదాకా ఎందరో కోడళ్లు ఏ కార్డులోనూ లేకుండా గడిపారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి అయిదు లక్షల నుంచి పది లక్షలైంది. పేరు ఎక్కని మనిషికి అయిదైనా పదైనా ఒకటే. సముద్రం దాటితే కష్టం మారుతుందనుకున్నవాళ్లకు ఎదురయ్యేది ఇదే కష్టం, కాకపోతే బిల్లు డాలర్లలో ఉంటుంది.

మా పిల్ల ఉద్యోగం చేయకపోతే ఏం, అల్లుడు సంపాదిస్తున్నాడుగా అనే మాట వినిపిస్తుంది. ఏడాదో ఏడాదిన్నరో ఇంటి పట్టునుంటే నష్టమేమిటని కూడా. మంచి మొగుడు దొరికితే నష్టం జీతం వరకే. దొరక్కపోతే? పీఆర్ రాకముందు ఏ రోజైనా స్పాన్సర్‌షిప్‌ను భర్త వెనక్కి తీసుకోవచ్చు. ఒక్క లేఖతో దరఖాస్తు కూలిపోతుంది. చేతిలో డబ్బు, పర్మిట్ లేని ఆడపిల్ల నెగ్గాల్సింది ఆ లేఖ భయాన్ని. కెనడా ఈ విషయంలో దెబ్బ తిని నేర్చుకుంది. 2012 అక్టోబరు 25న ఒక నియమం తెచ్చింది: కొత్తగా పెళ్లైన, పిల్లల్లేని జంటల్లో స్పాన్సర్ మీద వచ్చినవాళ్లు రెండేళ్లు కలిసి కాపురం చేస్తేనే పీఆర్ నిలుస్తుంది. దొంగ పెళ్లిళ్లను ఆపడానికి తెచ్చిన ఆ షరతు, దెబ్బలు తినే ఆడవాళ్లను గడప దాటకుండా కట్టేస్తోందని మహిళా సంఘాలు మొత్తుకున్నాయి. హింసకు గురైనవాళ్లకు మినహాయింపు కాగితం మీద ఉన్నా, దాన్ని అడగగలిగే స్థితిలో ఎందరుంటారు? 2017 ఏప్రిల్‌లో షరతు రద్దయింది. 2019 జూలై 26 నుంచి కుటుంబ హింస బాధితులకు ప్రత్యేక తాత్కాలిక నివాస పర్మిట్ ఉంది. దాంతోపాటు రుసుము లేకుండా వర్క్ పర్మిట్, కేంద్ర ప్రభుత్వ వైద్యం కూడా ఇస్తారు. హింస జరిగాక మనిషికి ముందుగా కావలసినవి పనీ వైద్యమేనని ప్రభుత్వమే ఒప్పుకుంటున్నప్పుడు, హింస జరగకముందు అవెందుకు ఉండకూడదు?

పాలమూరు చరిత్రను చూసినా ఈ ‘ఇంటి పట్టున’ మాటకు బలం లేదు. ఈ జిల్లా నుంచి వలస పోయి దేశమంతా ఆనకట్టలు కట్టిన కూలీల్లో భార్య భర్త వెంట వెళ్లింది, రాళ్లు మోసింది, తన కూలి తాను తెచ్చుకుంది. ఆ అవ్వల మనవరాలు బీటెక్ చదివి బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోవడాన్ని ఎదుగుదల అని ఎలా అంటాం? భర్త హెచ్-1బీ వీసా మీద ఆధారపడ్డ హెచ్-4 వీసాతో అమెరికా వెళ్లిన మన ఆడపిల్లలు ఇదే అవస్థ ఏళ్లకేళ్లు పడ్డారు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న హెచ్-1బీ ఉద్యోగుల భార్యలకు పని అనుమతి వచ్చింది 2015 మే 26 నుంచే. దాని మీద కూడా కోర్టు కేసులు ఏళ్ల తరబడి సాగాయి. ఆ భయంతోనే మనవాళ్లలో కొందరు కెనడా వైపు చూశారు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. దొంగ పెళ్లిళ్ల మాటేమిటి? దరఖాస్తు పెట్టగానే పనీ వైద్యమూ ఇస్తే, పెళ్లి పేరుతో వచ్చేవాళ్లకు తలుపులు బార్లా తెరిచినట్టు కాదా? అనుమానం ఊరికే పుట్టలేదు. పంజాబ్‌లో ఇంగ్లిష్ పరీక్ష పాసైన అమ్మాయి కెనడా చదువుకు అబ్బాయి ఇంటివాళ్లు డబ్బు పెట్టి, ఆమె భర్తగా వర్క్ పర్మిట్ మీద వెళ్లే బేరాలు పత్రికలకెక్కాయి. కానీ ఆ బేరాలకు వాకిలి పౌరుల భార్యల దారి కాదు, విద్యార్థుల జీవిత భాగస్వాములకు ఇచ్చే పర్మిట్. దాన్ని కెనడా చాలావరకు మూసేసింది కూడా: 2024 మార్చి నుంచి మాస్టర్స్, డాక్టరేట్, కొన్ని వృత్తి కోర్సుల విద్యార్థుల భాగస్వాములకే పరిమితం చేసింది. 2025 జనవరి 21 నుంచి ఆ మాస్టర్స్ కోర్సు కూడా పదహారు నెలలకు తగ్గకూడదంది, ఉద్యోగుల భాగస్వాములకు సైతం కొన్ని వృత్తులకే కుదించింది. పౌరుల దారిలో వడపోత ముందు నుంచీ గట్టిగానే ఉంది. స్పాన్సర్ మీద వచ్చినవాళ్లు పీఆర్ వచ్చిన అయిదేళ్లదాకా మరో భార్యనో భర్తనో స్పాన్సర్ చేయరాదని 2012లోనే నియమం పెట్టారు. వధూవరుల్లో ఒకరు లేకుండా ఫోన్‌లోనో వీడియోలోనో జరిగిన పెళ్లి చెల్లదని 2015లో తేల్చారు. ఇక దరఖాస్తులో ఉండే సంబంధ వివరాల ఫారం చూడండి: మొదటిసారి ఎప్పుడు, ఎక్కడ కలిశారు, ఎవరు పరిచయం చేశారు, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, రాని దగ్గరివాళ్లు ఎందుకు రాలేదు, పెళ్లి తర్వాత ఎన్ని రోజులు కలిసున్నారు. పెద్దలు కుదిర్చిన పెళ్లిని చులకనగా చూడరు గానీ, పెళ్లిచూపులకూ ముహూర్తానికీ మధ్య పదిహేను రోజులే ఉంటే ఎందుకంత తొందరని అడుగుతారు. దొంగ దరఖాస్తును పట్టుకోవాల్సింది ఈ ఫారం, ఈ ఇంటర్వ్యూ. జ్వరమొచ్చిన మనిషిని డాక్టరు దగ్గరికి పోనీయకపోవడం వల్ల దొంగతనం బయటపడదు.

రెండో అభ్యంతరం డబ్బు. అక్కడి పన్ను కట్టేవాళ్ల సొమ్ముతో కొత్తగా వచ్చిన మనిషికి వైద్యమెందుకన్నది. భార్యాభర్తల విషయంలో ఈ ప్రశ్నకు కెనడా పార్లమెంటు ఎప్పుడో జవాబిచ్చింది. ఆరోగ్య సేవల మీద మితిమీరిన భారం పడుతుందన్న కారణంతో మామూలు వలసదారును తిరస్కరించొచ్చు గానీ, స్పాన్సర్ చేసిన భార్యను తిరస్కరించరాదని వలస చట్టంలోని 38వ సెక్షన్ చెబుతోంది. అంటే రేపు పీఆర్ వచ్చాక ఆమె వైద్యం ఖర్చును భరించడానికి ఆ దేశం సిద్ధపడింది, ఆపుతున్నది ఈ ఏడాది ఖర్చును మాత్రమే. ఆమె భృతి తీసుకుంటే దాన్ని భర్త నుంచి వసూలు చేసే అధికారం కూడా ప్రభుత్వానికుంది. విడాకులైనా సరే, మూడేళ్ల హామీ సంతకం పోదు. వసూళ్లను కాస్త వాయిదా వేయొచ్చు గానీ బాకీ బాకీయేనని 2011 జూన్‌లో మావి కేసులో కెనడా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వర్క్ పర్మిట్ ఉన్న మనిషి పన్ను కడుతుంది. పన్ను తీసుకుని కార్డు ఆపడం ఏ లెక్కకూ తూగదు. పర్మిట్ ఇచ్చిన రోజే కార్డు కూడా ఇవ్వాలన్న ఒక్క నియమాన్ని రాష్ట్రాలన్నీ ఒప్పుకుంటే చిక్కు తీరిపోతుంది.

అట్లని కెనడాను మాత్రమే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. మన దేశ పౌరుణ్ని పెళ్లాడిన విదేశీ వనిత ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డు అడగాలంటే పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిలవాలి. మనం ఇవ్వనిదాన్ని ఎదుటివాళ్లు ఇవ్వాలని దబాయించే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

అయితే నల్గొండలో ఉన్న తల్లిదండ్రులు ఏం చేయాలి? పీఆర్ వచ్చేదాకా అమ్మాయిని ఇక్కడే ఉంచుకోండి, పంచాయతీ ఉండదు అని కొందరు సలహా ఇస్తారు. కాగితం దృష్టితో చూస్తే అది క్షేమమే: దిగిన రోజే పీఆర్, దిగిన రోజే పని, చాలా రాష్ట్రాల్లో వెంటనే లేదా మూడు నెలల్లోపు వైద్యం. కానీ కొత్తగా పెళ్లైన జంటను ఏడాదికి పైగా విడదీసి ఉంచడం తేలికైన మాట కాదు, వాళ్ల తరఫున ఆ నిర్ణయం పెద్దలు తీసుకోకూడదు. నా అభిప్రాయంలో మేలైనది మధ్య దారి. దరఖాస్తు ఫ్యామిలీ క్లాస్‌లోనే పెట్టాలి. తిరస్కరిస్తే స్పాన్సర్‌కు ట్రిబ్యునల్‌లో అప్పీలు హక్కు ఆ దారిలోనే ఉంది, ఇన్‌ల్యాండ్‌లో లేదు. మధ్యలో నానమ్మకు బాగాలేదని ఇండియా వచ్చినా దరఖాస్తు చెడదు. ఆ దరఖాస్తు అందిన రసీదుతో విజిటర్ వీసా అడిగి, వచ్చాక వెళ్లి, అక్కడ వర్క్ పర్మిట్‌కు పెట్టుకోవాలి. వెళ్లే ముందు అబ్బాయి ఉండే రాష్ట్రంలో కార్డు ఎప్పటి నుంచి వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆ కార్డు రాకముందే కాన్పు వచ్చేలా ఉంటే ఇక్కడే కానిచ్చుకోవడం నయం. ఖర్చులూ తక్కువ, అమ్మ కూడా పక్కనుంటుంది.

కాగితాల పని నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో కూర్చుని చాలావరకు అవుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్ట్రేషన్ ముహూర్తం తర్వాత వారంలోనే పెట్టుకోవచ్చు, అబ్బాయి తిరిగి విమానమెక్కేదాకా ఆగొద్దు. వేలిముద్రలకు, మెడికల్ పరీక్షకు హైదరాబాద్ పోక తప్పదు. ఫారాలు కెనడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. డబ్బు తీసుకుని దరఖాస్తు నింపే మనిషి అక్కడి లాయరో, అక్కడి కన్సల్టెంట్ల కాలేజీలో సభ్యుడో కాకపోతే చట్టప్రకారం ఆ పని చేయరాదు, అమీర్‌పేటలో ఎంత పెద్ద బోర్డు పెట్టుకున్నా సరే. దరఖాస్తు నంబరు, దానికి వాడిన ఈమెయిల్ పాస్‌వర్డ్, పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ అమ్మాయి దగ్గర ఉండాలి. భర్త లాప్‌టాప్‌లో మాత్రమే ఉంటే లేనట్టే. ఏదైనా తేడా వస్తే రాష్ట్ర పోలీసుల మహిళా భద్రతా విభాగంలోనూ, ఢిల్లీలోని జాతీయ మహిళా కమిషన్‌లోనూ ఎన్నారై సెల్‌లు ఉన్నాయి. అక్కడిదాకా పోయే అవసరం రాకముందే, పెళ్లిచూపుల రోజే, జీతం ఎంతని అడిగిన నోటితోనే అబ్బాయిని ఈ మాట కూడా అడగండి: మా బిడ్డకు వర్క్ పర్మిట్ ఎప్పుడు, హెల్త్ కార్డు ఎప్పుడు?